వీసా స్టాంపు అయిపోయిన జంట, కరీబియన్ ట్రిప్: ఏ దీవికి వెళ్తే తిరిగి రావచ్చు?

టైటిల్ చూసి "నందివెలుగులో కూర్చుని కరీబియన్ గురించి చెప్తాడేంటి వీడు" అనుకుంటున్నారని తెలుసు. నిజమే, నేను వెళ్లలేదు. వెళ్లింది మా పెదనాన్నగారి అమ్మాయి, మా బావ. ఉండేది డల్లాస్‌లో. కానీ వాళ్లు టికెట్లు కొనే ముందు మూడు రోజుల పాటు తెల్లవారుజామున లేచి వీడియో కాల్‌లో కూర్చుని రూల్స్ చదివింది మాత్రం నేనే. అందులో ఒక్క లైను తప్పుగా అర్థం చేసుకుని ఉంటే వాళ్లిద్దరి ఉద్యోగాలు, అక్కడి అద్దె ఇల్లు, కారు లోను అన్నీ గాల్లో ఉండేవి. మీలో చాలామందికి అక్కడ అన్నో అక్కో ఉంటారు, లేదా రేపు మీరే వెళ్తారు. అందుకని వివరంగా చెప్తా.

ముందు సంగతేంటో చెప్పాలి. పోయిన డిసెంబర్‌లో, అంటే 2025లో, వాళ్లు ఇండియా రావాల్సింది. బావది హెచ్‌1బి, అక్కది హెచ్‌4. ఇద్దరి వీసా స్టాంపులూ అయిపోయాయి. హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ పెట్టుకున్నారు, పెద్దమ్మ అరిసెల పిండికి బియ్యం కూడా చూసుకుంది. సరిగ్గా అప్పుడే అమెరికా ప్రభుత్వం డిసెంబర్ 15 నుంచి హెచ్‌1బి, హెచ్‌4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు కూడా పరిశీలిస్తామంది. దాంతో ఇండియాలో అపాయింట్‌మెంట్లు కుప్పలుగా నెలల తరబడి వాయిదా పడ్డాయి. మనవాళ్లది మార్చికి వెళ్లింది. అప్పటికే ఇండియా వచ్చేసిన వాళ్లు చాలామంది ఇక్కడే ఇరుక్కుపోయారు, వార్తల్లో చూసే ఉంటారు. మనవాళ్లు ఇంకా బయల్దేరలేదు కాబట్టి టికెట్లు క్యాన్సిల్ చేసుకున్నారు. సెలవులు మాత్రం ఆఫీసులో ఓకే అయిపోయి ఉన్నాయి.

పెళ్లయిన నాలుగేళ్లలో ఇద్దరూ కలిసి ఎక్కడికీ వెళ్లింది లేదు. అక్క ఫోన్ చేసి, "ఒరేయ్ తమ్ముడూ, ఇండియా ఎలాగూ లేదు, క్రిస్మస్‌కి ఫ్లోరిడా నుంచి క్రూయిజ్ చూశాం రా. బహామాస్, జమైకా. ఆటోమేటిక్ రీవాలిడేషన్ ఉందంట, స్టాంపు లేకపోయినా పర్లేదంట, మా గ్రూపులో అందరూ అంటున్నారు" అంది. ఆ "అంట" అనే మాట విన్నప్పుడే నాకు డౌటొచ్చింది.

ఇక్కడ అసలు లెక్క అర్థం కావాలంటే స్టాంపుకీ, స్టేటస్‌కీ తేడా తెలియాలి. మన తెనాలిలో సినిమాకి వెళ్లారనుకోండి. పాస్‌పోర్టులో ఉండే వీసా స్టాంపు గేటు దగ్గర చూపించే టికెట్ లాంటిది. లోపలికి వెళ్లడానికే దాని పని. లోపల ఎంతసేపు కూర్చోవచ్చో చెప్పేది వేరే కాగితం, దాని పేరు ఐ-94. కంపెనీ ఎక్స్‌టెన్షన్ పెడితే వచ్చే అప్రూవల్ కాగితం ఐ-797, దాని కింద కొత్త తేదీతో ఐ-94 ఉంటుంది. బావ ఐ-797 మీద 2027 దాకా ఉంది. కాబట్టి హాల్లో కూర్చోవడానికి ఆయనకి పూర్తి హక్కుంది. టికెట్ పాతదైపోయినా ఎవరూ లేపరు. సమస్యల్లా ఇంటర్వెల్‌లో గేటు దాటి రోడ్డు మీదికి వెళ్తేనే. మళ్లీ లోపలికి రావాలంటే కొత్త టికెట్ కావాలి.

ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనేది ఈ గేటు దగ్గర ఇచ్చే చిన్న మినహాయింపు. హాలు కాంపౌండ్‌లోనే ఉన్న క్యాంటీన్‌కి వెళ్లొస్తే గేటు దగ్గర మనిషి గుర్తుపట్టి రానిస్తాడు చూశారా, అలాంటిది. ఆ క్యాంటీన్ ఏంటంటే కెనడా, మెక్సికో. అక్కడికి 30 రోజులు మించకుండా వెళ్లి, ఐ-94 చెల్లుబాటులో ఉండి, స్టేటస్ ఎక్కడా చెడగొట్టుకోకుండా, అక్కడ ఉండగా కొత్త వీసాకి అప్లై చేయకుండా ఉంటే, అయిపోయిన స్టాంపుతోనే తిరిగి రావచ్చు. మరి కరీబియన్ మాట ఎక్కడిది? అది కూడా రూల్లో ఉంది. "పక్క దీవులు" అని. 1952 ఇమిగ్రేషన్ చట్టంలోనే వాటి జాబితా ఉంది: బహామాస్, జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్, డొమినికన్ రిపబ్లిక్, ఇంకా చాలా. కానీ ఆ సౌకర్యం ఇచ్చింది ఎఫ్ వీసా విద్యార్థులకి, జె వీసా ఎక్స్‌ఛేంజ్ వాళ్లకి. అందులోనూ క్యూబా మినహాయించి. హెచ్‌1బి, హెచ్‌4 వాళ్లకి పక్క దీవులు లేవు. కెనడా, మెక్సికో, అంతే.

ఇక్కడే గ్రూపు మెసేజ్‌ల గొడవ అర్థమవుతుంది. మాస్టర్స్ చదివేటప్పుడు అయిపోయిన ఎఫ్‌1 స్టాంపుతో బహామాస్ వెళ్లొచ్చినవాడు "నేను వెళ్లొచ్చాను, ఏం కాలేదు" అని పెడతాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. కానీ అదే మనిషి మూడేళ్ల తర్వాత హెచ్‌1బి మీద అదే ఓడ ఎక్కితే కథ వేరే. అక్క ఆ మెసేజ్ చూపించినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఇది పెట్టినాయన అప్పుడు స్టూడెంటా?" అవును, స్టూడెంటే.

అప్పుడు బావ ఇంకో ఐడియా వేశాడు. "బామ్మర్దీ, ఓడ జమైకాలో ఆగినప్పుడు మేం దిగం. రూమ్‌లోనే కూర్చుంటాం. అప్పుడు అమెరికా దాటినట్టు కాదుగా?" సాఫ్ట్‌వేర్ వాళ్ల బుర్రలు ఇలాగే పనిచేస్తాయి, ఎడ్జ్ కేసులు వెతుకుతాం. కానీ ఓడ విదేశీ పోర్టుకి వెళ్లి తిరిగొచ్చిందంటే, దిగేటప్పుడు అందరితో పాటు ఇమిగ్రేషన్ లైన్లో నిలబడాల్సిందే. అసలు అంతదాకా కూడా రాదు, సరైన కాగితాలు లేవని ఎక్కేటప్పుడే క్రూయిజ్ కంపెనీ ఆపేయొచ్చు, డబ్బులు కూడా రాకపోవచ్చు. "అయితే విదేశీ పోర్టు తగలని క్రూయిజ్ చూద్దాం" అంటారా? దొరకడం చాలా కష్టం. 1886 నాటి ఒక చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా పోర్టుల మధ్యే ప్రయాణికుల్ని తిప్పకూడదు. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల్లో రిజిస్టర్ అయినవే. కాబట్టి కరీబియన్ క్రూయిజ్ ఎక్కడో ఒక విదేశీ పోర్టు ముట్టుకునే తీరుతుంది.

ఇక్కడికి వచ్చేసరికి అక్క మొహం వాడిపోయింది. అప్పుడు మ్యాప్ తీశాను. కరీబియన్ సముద్రంలో అమెరికావే అయిన దీవులు ఉన్నాయి. ప్యూర్టో రికో: 1898 యుద్ధం తర్వాత స్పెయిన్ నుంచి అమెరికాకి వచ్చింది. దాని తూర్పున యూఎస్ వర్జిన్ ఐలాండ్స్: సెయింట్ థామస్, సెయింట్ జాన్, సెయింట్ క్రోయ్. వీటిని 1917లో డెన్మార్క్ దగ్గర రెండున్నర కోట్ల డాలర్లకి కొన్నారు. ఇమిగ్రేషన్ లెక్కలో ఇవి అమెరికాలో భాగమే. మన సినిమా హాలు భాషలో చెప్పాలంటే ఇవి బాల్కనీ. సీటు మారారు కానీ గేటు దాటలేదు. స్టాంపు అవసరం లేదు, స్టేటస్ మార్పు అప్లికేషన్ పెండింగ్‌లో ఉన్నవాళ్లకి కూడా ఇబ్బంది లేదు. (అలాంటి అప్లికేషన్ పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే మాత్రం దాన్ని వదిలేసుకున్నట్టే లెక్క. ఇది చాలామందికి తెలీదు.)

ఒక షరతు. నేరుగా వెళ్లే విమానమే ఎక్కాలి. మధ్యలో వేరే దేశంలో దిగి ఎక్కే చవక టికెట్లు జోలికి పోకూడదు. డల్లాస్ నుంచి శాన్ హువాన్‌కి నేరుగా సుమారు ఐదు గంటలు. దేశంలోపలి విమానమే కాబట్టి గుర్తింపు కార్డు చాలంటారు కానీ, నా మాట వినండి, పాస్‌పోర్టు, ఐ-797 ఒరిజినల్, ఐ-94 ప్రింటు, ముగ్గుర్నీ వెంట పెట్టుకోండి. ఫోన్‌లో పీడీఎఫ్ ఉందిగా అనొద్దు. సముద్రంలో పడేది ఫోనే ముందు.

సరే, రూల్స్ చాలు, ట్రిప్‌లోకి వద్దాం. డిసెంబర్ 19న బయల్దేరారు. ఆ తేదీ నేనే చెప్పాను, కారణం మార్గశిర అమావాస్య. నవ్వకండి. ప్యూర్టో రికో పక్కన వియెకెస్ అనే చిన్న దీవి ఉంది. ఒకప్పుడు అమెరికా నేవీ బాంబులు వేసి ప్రాక్టీస్ చేసుకున్న దీవి, 2003లో ఖాళీ చేశారు. అక్కడ మస్కిటో బే అని ఒక చిన్న అఖాతం. ప్రపంచంలోకెల్లా ఎక్కువగా వెలిగే సముద్రపు నీళ్లు అక్కడివేనని గిన్నిస్ రికార్డు. రాత్రిపూట కాయక్ వేసుకుని వెళ్లి తెడ్డు నీళ్లలో పెడితే నీలం వెలుగు. చెయ్యి పెడితే చెయ్యంతా వెలుగు. చేప పారిపోతే గీత గీసినట్టు వెలుగు.

ఇది మాయ కాదు. పైరోడినియం అనే కంటికి కనపడని ఏకకణ జీవి పని. నీళ్లు కదిలితే దాని లోపల లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసి ఓ క్షణం మెరుస్తుంది. తనను తినడానికి వచ్చేవాడిని బెదిరించడానికట. అఖాతం నోరు ఇరుకుగా ఉంటుంది కాబట్టి ఈ జీవులు బయటికి కొట్టుకుపోవు. చుట్టూ మడ చెట్లు, వాటి ఆకులు రాలి కుళ్లి వీటికి మేత అవుతాయి. మన రేపల్లె, నిజాంపట్నం వైపు మడ అడవులు చూసినవాళ్లకి ఆ బురద వాసన తెలుసు. అదే వాసన అంది అక్క. ఇలాంటి వెలుగు మన బంగాళాఖాతంలో కూడా అప్పుడప్పుడూ వస్తుంది, 2019 ఆగస్టులో చెన్నై బీచ్‌ల్లో కనపడి పెద్ద వార్త అయింది. మస్కిటో బేలో మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది. 2017 సెప్టెంబర్‌లో మరియా తుఫాను కొట్టాక కొన్ని నెలలు చీకటైపోయి, మళ్లీ వెలిగింది.

ఈ వెలుగు సన్నది. చందమామ ఉంటే కనపడదు. అందుకే అమావాస్య. మీరు 2026 క్రిస్మస్‌కి ప్లాన్ చేస్తుంటే ఇప్పుడే చెప్తున్నా, డిసెంబర్ 23 పౌర్ణమి. క్రిస్మస్ వారమంతా వెన్నెలే. వెలుగు చూడాలనుకుంటే డిసెంబర్ 9 చుట్టుపక్కల గానీ, 2027 జనవరి 7 చుట్టుపక్కల గానీ వెళ్లండి. ఈ విషయంలో పెద్దమ్మ గోడకి తగిలించిన పంచాంగం క్యాలెండర్ ఏ యాప్‌కీ తీసిపోదు. ఇంకోటి, మస్కిటో బేలో ఈత నిషేధం, ఒంటికి దోమల మందు, సన్‌స్క్రీన్ పూసుకుని వెళ్లొద్దంటారు, ఆ జీవులు చచ్చిపోతాయని. ఫుల్ చేతుల చొక్కా వేసుకోవడమే దారి. వియెకెస్‌కి సెయిబా అనే ఊరి నుంచి ఫెర్రీ. టికెట్లు ముందే తీసుకోవాలి, పండగ రోజుల్లో లోకల్ వాళ్లకే ముందు సీట్లు.

బావకి ఎత్తులంటే సరదా. ఒరోకోవిస్ కొండల్లో "మాన్‌స్టర్" అనే జిప్‌లైన్ ఉంది, సుమారు రెండున్నర కిలోమీటర్లు. 2018లో యూఏఈలో జెబెల్ జైస్ జిప్‌లైన్ వచ్చేదాకా ఇదే పొడవైనది. బోర్లా పడుకోబెట్టి సూపర్‌మ్యాన్‌లా వదులుతారు. అక్క కింద కూర్చుని ఆంజనేయ దండకం చదువుకుంది. ఎల్ యుంకే అడవి ఇద్దరికీ నచ్చింది. అమెరికా జాతీయ అటవీ వ్యవస్థలో ఉన్న ఏకైక ఉష్ణమండల వర్షారణ్యం అది. రోజూ ఏదో ఒక వేళ వాన పడుతుంది. స్లిప్పర్లతో వెళ్లొద్దు, మన శ్రీశైలం ఘాట్ ట్రెక్ అనుకుని వెళ్తే కాలు జారుతుంది.

అసలు ప్రమాదం మాత్రం ఎవరూ టికెట్ అమ్మని చోట ఉంది. బీచ్‌లో. డిసెంబర్, జనవరిల్లో ప్యూర్టో రికో ఉత్తర తీరం, వాయవ్యం వైపు అలలు భయంకరంగా ఉంటాయి. రింకాన్ అనే ఊరికి ప్రపంచం నలుమూలల నుంచి సర్ఫర్లు వచ్చేది అందుకే. చాలా బీచ్‌లలో లైఫ్‌గార్డులు ఉండరు. మనం సూర్యలంకలో మోకాలి లోతు నీళ్లలో ఆడుకుని పెరిగినవాళ్లం. "మాకు సముద్రం కొత్తా" అనుకుంటాం. కానీ సూర్యలంకలోనే ఎంతమంది కుర్రాళ్లు కొట్టుకుపోయారో బాపట్ల వాళ్లని అడగండి. రిప్ కరెంట్ అంటే ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఒక ఇరుకైన దారిలో వెనక్కి పోవడం. అలలు విరగకుండా ప్రశాంతంగా కనపడే చోటే అది ఉంటుంది, జనం అక్కడే దిగుతారు. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదితే అలిసిపోయి మునుగుతారు. తీరానికి సమాంతరంగా పక్కకి ఈదాలి, ప్రవాహం దాటాక ఒడ్డుకి రావాలి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యెత్తాలి. ఈ రెండు ముక్కలూ కరీబియన్‌కి ఎంత పనికొస్తాయో, వచ్చే కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో కూడా అంతే పనికొస్తాయి.

తర్వాత సెయింట్ థామస్ వెళ్లారు, శాన్ హువాన్ నుంచి విమానంలో అరగంట. అక్కడ అమెరికా జెండా కింద రోడ్డుకి ఎడమవైపు నడుపుతారు, అచ్చం మనలాగే. కానీ కార్లు అమెరికావి కాబట్టి స్టీరింగ్ కూడా ఎడమవైపే. డ్రైవరు రోడ్డు అంచున కూర్చుంటాడు. బావ రెండు మలుపుల తర్వాత కారు తిరిగిచ్చేసి ట్యాక్సీ మాట్లాడుకున్నాడు. అక్కడ నుంచి ఫెర్రీలో 20 నిమిషాలు సెయింట్ జాన్. ఆ దీవిలో సగానికి పైగా నేషనల్ పార్కే. ట్రంక్ బే అనే బీచ్‌లో నీళ్ల అడుగున బోర్డులు పెట్టి ఉంటాయి, స్నార్కెల్ వేసుకుని ఆ బోర్డులు చదువుకుంటూ పగడాలు చూడొచ్చు. వర్జిన్ ఐలాండ్స్‌లో ఆక్సీబెంజోన్ లాంటి రసాయనాలున్న సన్‌స్క్రీన్ 2020 నుంచి నిషేధం, పగడాలు పాడవుతాయని. జింక్ ఉన్నది కొనుక్కోవాలి. స్కూబా చేసేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, రోజూ చేస్తే కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. లేదంటే ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. చివరి రోజు పొద్దున డైవ్, మధ్యాహ్నం ఫ్లైట్ అనే ప్లాన్ వద్దు.

ఇప్పుడు అసలు సీను. సెయింట్ జాన్ రేవులో ఒక పడవాయన వచ్చి, "రేపు ఫుల్ డే ట్రిప్, రాళ్ల గుహల్లో ఈత, చిన్న దీవిలో లంచ్, ఇద్దరికీ డిస్కౌంట్" అన్నాడు. ఫొటోలు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఇంటింటంత గ్రానైట్ బండల మధ్య పచ్చటి నీళ్లు. బావ పర్సు తీసేశాడు. అక్క అడిగింది, "ఆ గుహల పేరేంటి?" ది బాత్స్, వర్జిన్ గోర్డాలో. లంచ్ యోస్ట్ వాన్ డైక్ దీవిలో. అక్క వెంటనే మ్యాప్ తెరిచింది.

రెండూ బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్. ఎదురుగా కనపడతాయి, పడవలో కాసేపు. కానీ అది వేరే దేశం. ఆ పడవ ఎక్కి ఉంటే బావ అయిపోయిన హెచ్‌1బి స్టాంపుతో విదేశం నుంచి అమెరికాలోకి వస్తున్నవాడయ్యేవాడు. పక్క దీవుల మినహాయింపు ఆయనకి లేదు. లంచ్‌కి వెళ్లి, సాయంత్రానికి తిరిగి రాలేక, ఇండియాకి టికెట్ కొనుక్కుని, మార్చి అపాయింట్‌మెంట్ కోసం నందివెలుగులో కూర్చోవాల్సి వచ్చేది. పడవాయన తప్పేం లేదు, ఆయన రోజూ అమెరికన్లని తీసుకెళ్తాడు, పాస్‌పోర్టు తెచ్చుకోమనే చెప్తాడు. పాస్‌పోర్టు మనోళ్ల దగ్గర ఉంది కూడా. అక్కడే మోసపోతాం. పాస్‌పోర్టు ఉంటే చాలనుకుంటాం.

"వద్దులెండి" అనేసి ఇద్దరూ అదే రోజు ట్రంక్ బేకి రెండోసారి వెళ్లారు. సముద్రతాబేలు కనపడిందట. బావ ఇప్పటికీ ఆ గుహల ఫొటో ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకుని ఉన్నాడు, అది వేరే సంగతి.

తిరుగు ప్రయాణంలో ఒక తేడా గమనించండి. ప్యూర్టో రికో ఎయిర్‌పోర్టులో వ్యవసాయ శాఖ వాళ్లు సామాను స్కాన్ చేస్తారు, తాజా పండ్లు, మొక్కలు చాలావరకు ఆపేస్తారు. సెయింట్ థామస్‌లో దానికి తోడు విమానం ఎక్కకముందే కస్టమ్స్, ఇమిగ్రేషన్ ఆఫీసర్ కాగితాలు అడుగుతాడు. దేశంలోపలే కదా అని తెలియకుండా వెళ్తే గుండె జారుతుంది. బావ పాస్‌పోర్టు, ఐ-797, ఐ-94 వరసగా పెట్టాడు. ఆఫీసర్ తేదీలు చూసి, ఎక్కడ పని చేస్తున్నావని అడిగి పంపించేశాడు. మీకు స్టాంపు లేదు, ఆ ప్రశ్నల టెన్షన్ కూడా వద్దు అనుకుంటే ప్యూర్టో రికో ఒక్కటే పెట్టుకోండి, అదే తేలిక. ఒక్క జంటకి వారం రోజులకి సరిపోయినంత ఉంది.

మరి స్టాంపు చెల్లుబాటులో ఉన్నవాళ్లో? మీకు దారి విశాలం. జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్ అండ్ టొబాగోలకి ఇండియన్ పాస్‌పోర్టు మీద టూరిస్టుగా ముందస్తు వీసా అక్కర్లేదు. టికెట్ కొనే రోజు ఆ దేశం అధికారిక వెబ్‌సైట్‌లో మళ్లీ ఒకసారి చూసుకోండి, ఇవి మారుతుంటాయి. తిరిగొచ్చాక వెంటనే కొత్త ఐ-94 డౌన్‌లోడ్ చేసి తేదీ చూడండి. పాస్‌పోర్టు గడువు దగ్గర పడి ఉంటే, వీసా ఇంకా ఉన్నా, ఐ-94ని పాస్‌పోర్టు గడువు దాకానే ఇస్తారు. ఐ-797 మీద 2027 ఉందిగా అని ఆ తేదీ చూడకుండా వదిలేసి, తెలియకుండానే గడువు దాటిపోయి కూర్చున్నవాళ్లు ఉన్నారు.

ఇంకోమాట, నేను లాయర్ని కాదు. బీటెక్ చదివి కోడ్ రాసుకున్నవాడిని, రూల్స్ చదవడం అలవాటు, అంతే. మీ కేసులో గ్రీన్‌కార్డు అప్లికేషన్, ఉద్యోగం మారడం, ఎక్స్‌టెన్షన్ పెండింగ్ లాంటివి ఏమైనా ఉంటే కంపెనీ అటార్నీకి ఒక్క మెయిల్ పెట్టండి. "ఫలానా తేదీల్లో ఫలానా దీవికి వెళ్తున్నాం, మధ్యలో ఏ విదేశీ పోర్టూ లేదు" అని రాస్తే చాలు, జవాబు రాతపూర్వకంగా ఉంటుంది. అక్క వాళ్లు అలాగే చేశారు. ఆ మెయిల్ ప్రింటు కూడా ఐ-797తో పాటు అదే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, మస్కిటో బే కాయక్‌లోకి కూడా తీసుకెళ్లారు. గైడ్ నవ్వాడట.